తాలు పోయిన ఎనామిల్: ఎనిమిదేళ్ల పాప దవడ పళ్ల కేసు

సంక్రాంతి అయిన నాలుగో రోజు పరకాల వైపు ఒక పల్లె నుంచి హనుమకొండలోని మా క్లినిక్‌కి ఒక తల్లి కూతురిని తీసుకొచ్చింది. పాపకి ఎనిమిదేళ్లు నిండడానికి ఇంకా రెండు నెలలుంది. మూడో తరగతి చదువుతోంది. బరువు 21 కిలోలు. తల్లి కుర్చీలో కూర్చోకుండానే కొంగు ముడి విప్పి, కాగితంలో చుట్టిన చిన్న ముక్కని నా బల్ల మీద పెట్టింది. బియ్యపు గింజలో సగం ఉంటుంది. పసుపూ గోధుమా కలిసిన రంగు.

"సకినం కొరికింది మేడం. పన్ను పలిగి ఇది ఊడొచ్చింది" అంది.

ఆ ముక్కని గాజు పలక మీద పెట్టి ప్రోబ్ (పళ్లు పరీక్షించే సన్నని పరికరం) కొనతో తేలిగ్గా గీశాను. సుద్ద గీసినట్టు పొడి రాలింది. పన్ను పైపొరని ఎనామిల్ అంటాం. మంచి ఎనామిల్ మీద ఆ బలంతో గీస్తే గీత కూడా పడదు. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలులో దాని స్థానం పదిలో 5 దగ్గర. సకినం ఎంత కరకరలాడినా బియ్యప్పిండే కదా, పన్నుని పగలగొట్టేంత శక్తి దానికి లేదు. పాప నోరు తెరవకముందే నాకు ఒక అనుమానం వచ్చింది.

తల్లి చెప్పుకున్నది ఇది: "ఆరేండ్లకు ఈ పండ్లు మొలిచినకాడి నుంచి ఇదే బాధ. సల్లటి నీళ్లు తాగితే ఏడుస్తది. బ్రష్ పెట్టనియ్యది. నేను చాకిలేట్లు కొనియ్యనే కొనియ్య మేడం. అయినా మా అత్త నన్నే తిడ్తది, వాడకట్టోళ్లు నన్నే అంటరు. పండ్లు తోమియ్యకపోతివి, అందుకే పిప్పి పట్టింది అంటరు."

ఏడాది కింద ఒకచోట పై ఎడమ దవడ పన్నుకి తెల్ల ఫిల్లింగ్ పెట్టించారు. నాలుగు నెలల్లో సగం ఊడిపోయింది. అక్కడ మత్తు సూది వేసినా పాపకి నొప్పి తెలిసిందట. "ఊకె ఏడుస్తోంది, నాటకం చేస్తోంది" అని కోప్పడి, చేతులు పట్టుకుని పని పూర్తి చేశారట. ఆ రోజు నుంచి పాప డెంటిస్ట్ అనే మాట వింటేనే వణికిపోతోంది.

(పాప తల్లిదండ్రులు ఒప్పుకున్నాకే ఈ కేసు రాస్తున్నాను. పేరు, ఊరు ఇవ్వడం లేదు.)

నోట్లో ఏం కనిపించింది

మొదటి తప్పు నేనే చేశాను. పన్ను సరిగా కనిపించడానికి అలవాటుగా గాలి కొట్టాను. పాప ఒక్కసారిగా కుర్చీలోంచి లేచి తల్లి చీర పట్టుకుంది. ఇలాంటి పన్ను మీద గాలి కొట్టడమంటే తెరిచిన పుండు మీద ఊదినట్టే. కొత్తగా ప్రాక్టీసు పెట్టినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: మొదటి శాశ్వత దవడ పన్ను మీద రంగు మచ్చ కనబడితే గాలి వద్దు, దూదితో అద్దండి. పాపకి సారీ చెప్పాను. పావుగంట ఆమెని ఏమీ ముట్టుకోలేదు. తర్వాత తల్లి ఒళ్లోనే కూర్చోబెట్టుకుని చూశాను.

నాలుగు మొదటి శాశ్వత దవడ పళ్లకీ మచ్చలున్నాయి, కానీ ఏ రెండూ ఒకలా లేవు. పై కుడి పన్నుకి లోపలి వైపు మొన విరిగి గుంట పడింది. సకినం నెపం మోసింది దీని గురించే. పై ఎడమ పన్నుకి ఒకే మొన మీద పసుపు మచ్చ, దాని మీద సగం ఊడిన పాత ఫిల్లింగ్. కింది ఎడమ పన్ను అన్నిటికన్నా ఘోరంగా ఉంది. బుగ్గ వైపు ఎనామిల్ పొరలు పొరలుగా రాలిపోయి దాని కింది పొర డెంటిన్ బయటపడింది. కింది కుడి పన్ను మీద మాత్రం మీగడ రంగు మచ్చ ఒక్కటే, ఎక్కడా విరగలేదు. అన్నిటిలోనూ చిగురుకి దగ్గరున్న భాగం నున్నగా, మెరుస్తూ ఉంది.

ముందు పళ్లలో పై కుడి కొరుకుడు పన్ను మీద, అంచు దగ్గర, సుమారు మూడు మిల్లీమీటర్ల తెల్లని మచ్చ. చుట్టూ పెన్సిల్‌తో గీసినంత స్పష్టంగా అంచు. పక్క పన్ను శుభ్రంగా ఉంది. ఇంకా ఊడని పాలపళ్లలో, కింద కుడి వైపు రెండో దవడ పన్ను మీద కూడా అలాంటి మచ్చే చిన్నది ఉంది. ఈ పాలపన్నుని గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది.

ఎక్స్‌రేలో పళ్ల వేర్ల కొనలు ఇంకా మూసుకోలేదు. ఆ వయసుకి అది మామూలే. వేరు చివర చీము నీడ ఎక్కడా లేదు.

ఇది మోలార్ ఇన్సిజర్ హైపోమినరలైజేషన్, అంటే దవడ పళ్లలో, కొరుకుడు పళ్లలో ఖనిజం తక్కువ కావడం. పొడుగు పేరు కాబట్టి మేము ఎంఐహెచ్ అంటాం. ఈ పేరు పెట్టింది 2001లో. దీన్ని ఎలా గుర్తించాలో ఐరోపా పిల్లల దంతవైద్యులు 2003లో ప్రమాణాలు రాశారు. నెదర్లాండ్స్‌లో వీటిని చీజ్ మోలార్లు అనేవాళ్లు, అంత మెత్తగా ఉంటాయని. అన్ని దేశాల లెక్కలూ కలిపి చూస్తే 13, 14 శాతం పిల్లల్లో ఏదో ఒక స్థాయిలో కనిపిస్తుంది. అంటే నలభై మంది ఉన్న తరగతి గదిలో అయిదుగురి వరకూ ఉండొచ్చు. ఇంత మందిలో ఉన్నదాన్ని మనం ఇంకా పిప్పి పన్ను అనే పిలుస్తున్నాం.

ఎనామిల్ ఎలా పండుతుంది

తల్లికి చెప్పాల్సిన అసలు విషయం ఇదే కాబట్టి దీని మీద ఎక్కువ సేపు కూర్చున్నాను. ఇక్కడ కూడా అలాగే చెబుతాను.

మన ఒంట్లో అన్నిటికన్నా గట్టి పదార్థం ఎనామిల్. దాని బరువులో 96 శాతం దాకా ఖనిజమే. మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం నీళ్లు. ప్రొటీన్ ఒక శాతం చుట్టుపక్కల. కింద ఉండే డెంటిన్‌లో ఖనిజం 70 శాతమే. ఎనామిల్‌లోని ఆ ఖనిజం హైడ్రాక్సీ అపటైట్, అంటే కాల్షియం, ఫాస్ఫేట్, హైడ్రాక్సిల్ కలిసి కట్టిన స్ఫటికం. పుస్తకంలో రాసినంత శుద్ధంగా అది నోట్లో ఉండదు. అక్కడక్కడ ఫాస్ఫేట్ ఉండాల్సిన చోట కార్బనేట్ దూరుతుంది. అలాంటి చోట ఆమ్లానికి తొందరగా కరుగుతుంది. హైడ్రాక్సిల్ చోట ఫ్లోరైడ్ చేరితే గట్టిగా నిలుస్తుంది. మామూలు ఎనామిల్ పీహెచ్ (ఇది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 5.5 దగ్గర కరగడం మొదలుపెడితే, ఫ్లోరైడ్ చేరిన స్ఫటికం 4.5 దాకా తట్టుకుంటుంది. మేము ఫ్లోరైడ్ పూయడానికి ఈ మార్పు ఒక కారణం.

ఒక్కో స్ఫటికం మందం 25 నానోమీటర్లు, వెడల్పు 70 దాకా. అలాంటివి వేలకొద్దీ ఒకే దిక్కుకి పేర్చుకుని కట్టగా మారితే ఒక ప్రిజం. దాని మందం 5 మైక్రోమీటర్ల చుట్టూ, అంటే తలవెంట్రుకలో పదో వంతుకి అటూఇటూ. ఈ ప్రిజంలు డెంటిన్ దగ్గర మొదలై దాదాపు పన్ను పైభాగం దాకా వస్తాయి. దవడ పన్ను మొనల దగ్గర ఎనామిల్ మందం రెండున్నర మిల్లీమీటర్లు, చిగురు దగ్గర కత్తి అంచంత పలచన. లోపలి భాగంలో ప్రిజంలు నిటారుగా పోకుండా గుంపులు గుంపులుగా ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి. వరంగల్ కొత్తవాడ మగ్గాల మీద దర్రీ నేసేటప్పుడు చూడండి, పోగు మీద పోగు ఎక్కి దిగుతూ ఉంటుంది. అందుకే దర్రీ ఒక చోట చిరిగినా ఆ చిరుగు బారున సాగదు. ఎనామిల్‌లో పగులు మొదలైనా ఈ అల్లికలో తిరిగి తిరిగి ఆగిపోతుంది. గట్టిగా ఉన్నంత మాత్రాన సరిపోదు, గాజు కూడా గట్టిదే. డెబ్బై ఏళ్లు జొన్న రొట్టె నమిలినా పన్ను నిలిచేది ఈ అల్లిక వల్లే.

దీన్ని కట్టేవి అమీలోబ్లాస్టులనే కణాలు. ఇవి రోజుకి సుమారు 4 మైక్రోమీటర్ల చొప్పున ఎనామిల్ పరుస్తాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే ఏ రోజు పని ఆ రోజు అడ్డగీతగా కనిపిస్తుంది. వారానికి ఒకటి చొప్పున ఇంకా పెద్ద గీతలుంటాయి. బిడ్డ పుట్టిన రోజుకి కూడా ఒక గీత ఉంటుంది. పాలపళ్లలోనూ, మొదటి శాశ్వత దవడ పన్నులోనూ ఆ గీత దొరుకుతుంది. నాకు ఇది చదువుకునే రోజుల్లోనే కాదు, ఇప్పటికీ ఆశ్చర్యమే. చెట్టు మొదలు నరికితే వలయాలు లెక్కపెట్టినట్టు, పన్ను కోసి చూస్తే బిడ్డ మొదటి రోజులు లెక్కపెట్టవచ్చు.

ఈ కణాల పని రెండు దశల్లో జరుగుతుంది. మొదటి దశలో పూర్తి మందం వచ్చేదాకా మెత్తని చట్రం కడతాయి. అందులో ప్రొటీన్ బాగా ఎక్కువ, ముఖ్యంగా అమెలోజెనిన్. సన్నని స్ఫటికాలు దారాల్లా నిలబడి ఉంటాయి. రెండో దశలో ఎంజైములు ఆ ప్రొటీన్‌ని ముక్కలు చేస్తాయి, కణాలు దాన్ని లాగేస్తాయి, ఖాళీ అయిన చోట కాల్షియం, ఫాస్ఫేట్ చేరి స్ఫటికాలు లావెక్కి ఒకదానికొకటి ఆనుకుంటాయి. ఈ రెండో దశకే ఎక్కువ కాలం పడుతుంది.

ఇక్కడిదాకా చెప్పేసరికి తల్లి ముఖంలో ఏమీ కనిపించలేదు. అప్పుడు అడిగాను: "అమ్మా, మీరు వరి వేస్తారా?"

"రెండెకరాలు మేడం."

"కంకి పాలు పోసుకునే దశలో నీళ్లు అందకపోతేనో, తెగులు తగిలితేనో ఏమైతది?"

"తాలు పోతది."

"తాలు గింజకి పొట్టు ఉంటదా?"

"పొట్టు మంచిగనే ఉంటది. చూస్తే గింజ లెక్కనే ఉంటది. లోపలనే బియ్యం గట్టిపడది."

అంతే. ఎంఐహెచ్ గురించి ఇంతకన్నా మంచి నిర్వచనం నేను ఏ పాఠ్యపుస్తకంలోనూ చదవలేదు. పన్ను ఆకారం నిండుగా వచ్చింది, మందం సరిపోయినంత ఉంది, లోపల ఖనిజం నిండలేదు. ప్రొటీన్ తొలగిపోవాల్సిన దశలో తొలగలేదు. ఈ పళ్ల ఎనామిల్‌ని పరీక్షిస్తే రక్తంలో ఉండే ఆల్బుమిన్ కూడా అందులో ఇరుక్కుని దొరుకుతోంది. అది స్ఫటికాలకి అంటుకుని వాటిని లావెక్కనివ్వదు. మామూలు ఎనామిల్‌తో పోలిస్తే ఖనిజ సాంద్రత అయిదో వంతు దాకా తక్కువ. గట్టిదనం అయితే సగం కన్నా ఎక్కువే పడిపోతుంది. పన్ను మొలిచేదాకా ఎవరికీ తెలియదు. మొలిచి నమలడం మొదలుపెట్టాక, తాలు గింజ వేళ్ల మధ్య నలిగినట్టు నలుగుతుంది.

ఇంకో సంగతి కూడా ఆమెకి చెప్పాను. పంట ఒకసారి తాలు పోతే మళ్లీ అదే కంకిలో బియ్యం పోయలేం. ఎనామిల్ కట్టిన కణాలు పన్ను మొలిచే సమయానికి చనిపోతాయి. ఎముక విరిగితే అతుక్కుంటుంది, చర్మం తెగితే మానుతుంది. ఎనామిల్‌కి ఆ వరం లేదు. ఉమ్మి నుంచి, పేస్టు నుంచి పైపైన కొంత ఖనిజం చేరుతుంది గానీ పోయిన ముక్క తిరిగి పెరగదు.

మరి ఆ పంట కాలం ఎప్పుడు? మొదటి శాశ్వత దవడ పన్ను ఆరేళ్లకి మొలుస్తుంది కాబట్టి ఆరేళ్ల సంగతి అనుకుంటారు. అది గట్టిపడడం మొదలయ్యేది బిడ్డ పుట్టిన రోజుల్లోనే. పైభాగం పూర్తయ్యేది రెండున్నర, మూడేళ్లకి. ముందు కొరుకుడు పళ్లు మూడు నాలుగు నెలల వయసులో మొదలవుతాయి. అందుకే ఈ జబ్బు ఎక్కువగా ఈ రెండు రకాల పళ్లనే పట్టుకుంటుంది. మిగతా శాశ్వత పళ్లు ఎక్కువగా ఆ తర్వాత మొదలవుతాయి, అవి తప్పించుకుంటాయి.

తల్లిని ఆ మూడేళ్ల గురించి అడిగాను. పాప ఎనిమిదో నెలలోనే పుట్టింది. పది రోజులు అద్దాల పెట్టెలో ఉంచారు. తొమ్మిది నెలల వయసులో న్యుమోనియా వచ్చి ఆసుపత్రిలో చేర్చారు. రెండేళ్లు వచ్చేదాకా మాటిమాటికీ జ్వరాలు. ఆ న్యుమోనియా వల్లే ఇలా అయిందని నేను కేసు షీటులో రాయలేదు. ఈ జబ్బుకి ఒకే కారణం అంటూ లేదు. చిన్నతనపు జ్వరాలు, శ్వాస జబ్బులు, కాన్పు సమయంలోని ఇబ్బందులు, వంశంలో వచ్చే గుణం, ఇవన్నీ కలిసి ప్రభావం చూపుతాయి. కానీ అది చాక్లెట్ల పని కాదని, తల్లి తోమించకపోవడం వల్ల కాదని మాత్రం ఖాయంగా రాశాను. పన్ను చిగురు లోపల దాగి ఉన్నప్పుడే జరిగిపోయిన దానికి బ్రష్‌ని నిందించలేం.

తల్లి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "గీ మాట మా అత్తకు గూడ జెప్తరా మేడం, ఫోన్ల?" అంది. స్పీకర్ పెట్టించి చెప్పాను.

ఫ్లోరైడ్ నీళ్లు కావా?

మన తెలంగాణలో పన్ను మీద మచ్చ కనబడితే మొదట వచ్చే మాట ఫ్లోరైడ్. ఫ్లోరైడ్ నీళ్లతో నల్గొండ పడ్డ అనుభవం అందరి మనసులో ఉంది కాబట్టి ఆ అనుమానం సహజమే. తండ్రి కూడా ఫోన్‌లో అదే అడిగాడు. వాళ్ల ఇంట్లో ఇప్పుడు మిషన్ భగీరథ కుళాయి నీళ్లు తాగుతున్నారు. పాప చిన్నప్పుడు బోరు నీళ్లు. ఆ బోరు నీళ్లు పరీక్ష చేయించమన్నాను. ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము లోపే వచ్చింది. మన జాతీయ ప్రమాణం ప్రకారం ఉండదగ్గ హద్దు 1.0, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా.

నీటి పరీక్ష లేకపోయినా పళ్లే చెబుతాయి. ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు ఫ్లోరోసిస్. ఫ్లోరోసిస్‌లో కుడి ఎడమ పళ్లు ఒకేలా మచ్చపడతాయి. ఒకే కాలంలో తయారైన పళ్లన్నిటికీ పడతాయి. మచ్చ అంచు ఎక్కడ మొదలైందో చెప్పలేం, మబ్బులా కలిసిపోతుంది. అడ్డంగా అలల గీతలుంటాయి. మా పాపకి పక్కపక్కన ఉన్న రెండు కొరుకుడు పళ్లలో ఒకదానికే మచ్చ, అదీ గీసినట్టు అంచుతో. పిప్పి పన్ను అయితే ఆహారం ఇరుక్కునే గాళ్లలో, పళ్ల సందుల్లో మొదలవుతుంది, నున్నటి మొన మీద కాదు. పుట్టుకతో వచ్చే ఎనామిల్ లోపం, అమెలోజెనిసిస్ ఇంపర్ఫెక్టా అయితే దాదాపు అన్ని పళ్లూ పాడై ఉండాలి.

రంగు గురించి ఒక చిన్న మాట. మంచి ఎనామిల్ నిజానికి తెల్లగా ఉండదు, వెలుగు లోపలికి పోనిస్తుంది. దాని వెనకున్న డెంటిన్ పసుపు కొంచెం బయటికి కనిపిస్తుంది. పాలపళ్ల కన్నా శాశ్వత పళ్లు పసుపుగా ఉన్నాయని కంగారుపడే తల్లులు రోజుకి ఇద్దరైనా వస్తారు, అది జబ్బు కాదు. సుద్ద తెలుపు జబ్బు గుర్తు. ఖనిజం తక్కువైన చోట సన్నని ఖాళీలుంటాయి. అవి తడిగా ఉన్నప్పుడు మచ్చ కొంచెం దాగుతుంది. పన్ను ఆరితే ఆ ఖాళీల్లోకి గాలి చేరి, వెలుగు చెదిరి, మచ్చ కొట్టొచ్చినట్టు తేలుతుంది.

నొప్పిని నమ్మడం

ఈ కేసులో చికిత్స కన్నా ముందు చేయాల్సింది ఇదే. ఖాళీలున్న ఎనామిల్ గుండా చల్లదనం, వేడి, క్రిములు అన్నీ లోపలికి దిగుతాయి. పన్ను గుజ్జు ఎప్పుడూ వాచినట్టే ఉంటుంది, అక్కడి నరాల చివరలు అతిగా స్పందిస్తాయి. అందుకే అందరికీ పనిచేసే మత్తు సూది ఈ పిల్లలకి సగమే పనిచేస్తుంది. సూది వేశాక కూడా నొప్పి అంటే ఆ బిడ్డ నాటకమాడడం లేదు. ఏడాది కింద చేతులు పట్టుకుని పని చేసిన రోజు పాప అన్నది నిజమే. ఆ సంగతి ఆమె ముందే తల్లికి చెప్పాను. పాప నా వైపు మొదటిసారి సరిగా చూసింది అప్పుడే.

మొదటి రోజు డ్రిల్లు ముట్టుకోలేదు. నాలుగు పళ్లనీ దూదితో అద్ది, 22,600 పీపీఎం (పది లక్షల భాగాల్లో 22,600) ఫ్లోరైడ్ ఉండే వార్నిష్ పూశాను. విరిగిన రెండు పళ్ల మీద ఏమీ చెక్కకుండా గ్లాస్ అయానమర్ సిమెంట్ కప్పాను. పాల ప్రొటీన్ పడని పిల్ల కాదని కనుక్కుని, రాత్రి పడుకునే ముందు వేలితో రాసే కేసిన్ (పాల ప్రొటీన్), కాల్షియం ఫాస్ఫేట్ పేస్టు ఇచ్చాను. గోరువెచ్చని నీళ్లతో మెత్తని బ్రష్, 1000 పీపీఎం ఫ్లోరైడ్ పేస్టు బఠాణీ గింజంత, రోజుకి రెండు సార్లు. ఇంట్లో నాయనమ్మ ఉప్పు, బొగ్గు పొడి కలిపి తోమిస్తోందని తెలిసింది, అది ఆపించాను. ఇప్పటికే పొడి రాలే పన్ను మీద గరుకు పొడి రుద్దడం మంచిది కాదు.

మూడు వారాలకి పాప మామూలు నీళ్లతో పుక్కిలించగలిగింది. అప్పుడే అసలు పని మొదలుపెట్టాను. ఆ రోజు పాప రావడానికి గంట ముందు బరువుకి తగిన నొప్పి మందు ఐబుప్రోఫెన్ ఇప్పించాను. సూది వేసి, మామూలుగా ఆగే దానికి రెట్టింపు సేపు ఆగాను. ఎడమ చెయ్యి ఎత్తితే ఆపేస్తానని పాపకి మాటిచ్చాను. నాలుగు సార్లు ఎత్తింది, నాలుగు సార్లూ ఆపాను. మొదటి రెండు సార్లు నిజంగా నొప్పి కాదు, నేను ఆపుతానో లేదో చూసింది. అవి కూడా అవసరమే.

కింది ఎడమ పన్నుకి, పై కుడి పన్నుకి స్టీలు క్యాపులు వేశాను. రబ్బరు రింగులు ముందే పెట్టి పళ్ల మధ్య సందు చేయడం వల్ల చెక్కాల్సింది చాలా తగ్గింది. క్యాపు చూసి తల్లికి ఇంకో టెన్షన్: "రేపు పెండ్లీడుకొస్తే వెండి పండ్లు కనవడవా మేడం?" నవ్వినా అంత లోపలి పన్ను కనిపించదని, పద్దెనిమిది దాటాక పన్ను రంగు క్యాపుతో మార్చుకోవచ్చని చెప్పాను. పాప మాత్రం అద్దంలో చూసుకుని మురిసిపోయింది.

పై ఎడమ పన్నుకి పాడైంది ఒక్క మొనే కాబట్టి తెల్ల ఫిల్లింగే మళ్లీ ప్రయత్నించాను. పాతది ఎందుకు ఊడిందో తెలిస్తేనే కొత్తది నిలబడుతుంది. మామూలు పన్ను మీద 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం పెడితే ప్రిజంల కొనలు కరిగి తేనెపట్టులా గదులు పడతాయి. ఫిల్లింగ్ జిగురు, అంటే రెసిన్, ఆ గదుల్లోకి దిగి పట్టుకుంటుంది. ఈ పన్నులో ప్రిజంలకే వరస లేదు, పైగా ప్రొటీన్ జిగట అడ్డం. గదులు పడవు, రెసిన్ దిగదు. అందుకని మెత్తటి ఎనామిల్ మొత్తం తీసి, అంచుని మంచి ఎనామిల్ మీదికి తెచ్చి, ఆమ్లం తర్వాత 5 శాతం సోడియం హైపోక్లోరైట్‌తో ఒక నిమిషం ప్రొటీన్ కడిగి, ఉమ్మి తగలకుండా రబ్బర్ డ్యామ్ (పన్ను చుట్టూ రబ్బరు తెర) కట్టి ఫిల్లింగ్ పెట్టాను. విరగని కింది కుడి పన్ను గాళ్లని సిమెంట్‌తో మూసి, గమనిస్తూ ఉందామన్నాను.

పన్ను మరీ పాడైతే తీసేసి, వెనక పన్నుని ఆ చోటికి రానివ్వడం కూడా ఒక పద్ధతే. దానికి ఎనిమిదిన్నర నుంచి పది మధ్య వయసు అనుకూలం. పళ్ల వరస సరిచేసే ఆర్థోడాంటిస్ట్‌తో కలిసి ఎక్స్‌రే చూశాం. గుజ్జు ఆరోగ్యంగా ఉంది కాబట్టి ఉంచాలనే అనుకున్నాం.

పద్దెనిమిది నెలల తర్వాత

రెండు క్యాపులూ కదల్లేదు. తెల్ల ఫిల్లింగ్ అంచు పద్నాలుగో నెలలో కొద్దిగా చిట్లింది, సరిచేశాను. మళ్లీ చిట్లితే ఆ పన్నుకీ క్యాపే. కింది కుడి పన్ను ఇంకా నిలిచే ఉంది. వేర్ల కొనలు మూసుకునే దారిలో ఉన్నాయి. ముందు పన్ను మచ్చకి రెసిన్ చొప్పించే చికిత్స ఉందని చెప్పాను. "ఉండనీ మేడం, నొప్పి లేదు గద" అంది పాప. ఆ వయసులో ముందు పన్ను గుజ్జు పెద్దగా ఉంటుంది, తొందర లేదు. ఆమె ఎప్పుడు కావాలంటే అప్పుడు చేద్దాం.

మొన్న జూలైలో ఆ కుటుంబం మళ్లీ వచ్చింది. ఈసారి చూపించడానికి పాప తమ్ముడిని తెచ్చారు. మూడేళ్లు. నొప్పి లేదు, ఏ ఇబ్బందీ లేదు. తల్లి సెల్‌ఫోన్ టార్చ్ వేసి, వాడి కింది పెదవి వేలితో పక్కకి జరిపి, తనే చూపించింది. రెండో పాల దవడ పన్ను మీద మీగడ రంగు మచ్చ, చుట్టూ స్పష్టమైన అంచు.

"తాలు గింజ లెక్కనే ఉంది, చూడుండ్రి" అంది.

ఈ పాలపన్ను పైభాగం కడుపులో ఉండగా మొదలై పుట్టిన ఏడాది లోపు పూర్తవుతుంది. మొదటి శాశ్వత దవడ పన్ను కాలంతో అది కొంత కలుస్తుంది. దీని మీద మచ్చ ఉన్న పిల్లలకి తర్వాత వచ్చే శాశ్వత పన్నుకి కూడా ఎంఐహెచ్ వచ్చే అవకాశం ఎక్కువ. గాలి కొట్టలేదు. దూదితో అద్ది వార్నిష్ పూశాను. మూడు నెలలకోసారి రమ్మన్నాను. అయిదున్నరేళ్లు రాగానే, శాశ్వత పన్ను చిగురు చీల్చే ముందే, నెలనెలా చూద్దామని కార్డులో రాసిచ్చాను.